ఎవరిదో కుడి చెయ్యి

మ్యూజియం బల్ల మీద కూర్చున్న దగ్గర్నుంచీ స్మారో సంచీని ఒళ్ళోంచి దించలేదు. దించితే నేలకు తగిలి టక్కుమంటుంది, టక్కుమంటే మూల కుర్చీలో ఉన్న కాపలా ఆవిడ తలెత్తి చూస్తుంది, గుమ్మం దగ్గర అడిగినప్పుడేమో దానిమ్మపళ్ళని చెప్పి వచ్చింది, దానిమ్మపళ్ళు ఎక్కడైనా టక్కుమంటాయా. లోపల తినకూడదమ్మా అందావిడ, తిననులే తల్లీ అంది తను. అరవై నాలుగేళ్ళొచ్చి ఆదివారం పూట, నోట్లో చర్చి రొట్టె రుచి ఇంకా పోకముందే అబద్ధం. తువ్వాలు రెండు మడతలు చుట్టినా చల్లదనం గౌను లోంచి తొడలకు దిగుతూనే ఉంది. ఎదురుగా ఆవిడ నిలబడి ఉంది, రాతి ఆవిడ, ముక్కు కొస కాస్త చెక్కుకుపోయింది, కుచ్చిళ్ళు పాదాల దాకా జారి ఒక మోకాలు ముందుకొచ్చింది, ఒక చెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోయింది. గది ఖాళీ అయితే చాలు. రెండు నిమిషాలు. కాళ్ళ దగ్గర పెట్టేసి, శిలువ గుర్తు వేసుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోవడమే. కానీ నవంబరు మొదటి ఆదివారం, టికెట్ అక్కర్లేని రోజు, థెస్సలోనికి ఊరు మొత్తం పిల్లల్నీ తోపుడు బళ్ళనీ వేసుకుని ఇక్కడికే వచ్చినట్టుంది. ఒక జంట వెళితే ఇంకో గుంపు వస్తుంది. ఒంటిగంటకల్లా ఇంటికి పోవాలి, మొగుడు ఆర్గిరిస్‌కి అన్నం వేళ, సందులో ఉండే పార్థెనా ముసలమ్మ తినిపిస్తే సగం బట్టల మీదే పోస్తుంది. పన్నెండు కావస్తోంది.

ఇక్కడ పునాది తవ్వించేవాళ్ళు దేవుణ్ణి కోరుకునేది ఒక్కటే, ఏమీ దొరక్కూడదని. వేరే ఊళ్ళలో తవ్వకంలో బంగారం తగలాలని కోరుకుంటారేమో గానీ ఇక్కడ కుండపెంకు కనబడినా ఇంటి యజమాని గుండె జారిపోతుంది. చెప్పాలి, చెబితే పురావస్తు శాఖవాళ్ళొచ్చి తాడు కడతారు, తాడు కట్టాక ఇల్లు లేదు, నీ స్థలం నీదే, నీ రేకుల కంచె నీదే, పన్నెండు నెలలో పన్నెండేళ్ళో వాళ్ళ ఇష్టం. నాన్న లాజరోస్ తాపీ మేస్త్రీ. ఊళ్ళో అందరి ఇళ్ళూ కట్టి తను కోట గోడ కింద, పై ఊళ్ళో, ఇరవయ్యేళ్ళు రేకుల పాకలో ఉన్నాడు. సముద్రం అవతలి నుంచి తాతలు ఒక్క మూటతో పారిపోయి వచ్చిన చోటు అది. చివరికి సొంతింటి పునాదికి ఫాదరొచ్చి నీళ్ళు చల్లాడు, నాలుగు మూలలా కోడిపుంజు రక్తం పడింది, మూడోరోజు పార ఖంగుమంది. స్మారోకి ఎనిమిదేళ్ళు, రొట్టె, జున్ను మూట పట్టుకుని గట్టు మీద నిలబడింది. బురదలోంచి రాతి చెయ్యి పైకొచ్చింది, అరచెయ్యి ఆకాశం వైపు, ఏదో ఇమ్మని అడుగుతున్నట్టు. నాన్న దాన్ని చూశాడు, సందు వైపు చూశాడు, టోపీ తీసి దాని మీద కప్పాడు. ఏం చూశావే బంగారూ? ఏం చూళ్ళేదు నాన్నా. ఆ వసంతంలోనే పక్కింటి కోస్మాస్ తవ్వకంలో ఈ రాతి ఆవిడ బయటపడింది, ఆ అమాయకుడు తిన్నగా వెళ్ళి చెప్పి వచ్చాడు, పదకొండేళ్ళు అద్దె గదిలో చలికి దగ్గుతూ చెప్పినందుకు అనుభవించాడు. నాన్న మాత్రం మధ్యాహ్నం లోపలే సిమెంటు పోయించేశాడు. సిమెంటు కింద ఇంకా ఏముందో ఎవరికీ తెలియదు, యాభై ఆరేళ్ళుగా స్మారో ఆ నేలే తుడిచింది, దాని మీదే వండింది, బిడ్డను పాకించింది.

ఒక జపాన్ అమ్మాయి రాతి ఆవిడ పక్కన నిలబడి ఫొటో తీయించుకుంటోంది, ఆవిడలాగే ఒక మోకాలు ముందుకు పెట్టి. నవ్వొచ్చింది స్మారోకి, వెంటనే తప్పనిపించింది. నవ్వడానికి వచ్చిందా తను. అమ్మ కూడా నవ్వింది, ఆ చెయ్యి ఇంట్లోకొచ్చిన మొదటి రోజున. పారేయమంది నాన్నని, పారేస్తే ఎవడికో దొరుకుతుంది, దొరికితే ఎక్కడిదంటారు, అందుకని పొయ్యి వెనకాల పెట్టాడు. అక్టోబరులో పచ్చి ఆలివ్ కాయలు చితక్కొట్టి ఉప్పునీళ్ళ జాడీలో వేశాక పైన బరువుకి రాయి కావాల్సి వచ్చింది, కాయ నీళ్ళ పైకి తేలిందంటే బూజే. అమ్మ వంగి పొయ్యి వెనక్కి చూసింది, చెయ్యి తీసి కడిగి, జాడీలో పళ్ళెం బోర్లించి దాని మీద పెట్టింది. సరిగ్గా పట్టింది. ఈ కొలతకే చేశాడే మహానుభావుడు, అంది. అప్పట్నుంచీ దాని పేరు కోడలు. రాత్రింబవళ్ళు చాకిరీ చేస్తుంది, తిండి అడగదు, నోరెత్తదు, ఇంతకంటే మంచి కోడలు నాకెక్కడ దొరుకుతుంది అనేది, కొడుకులే లేని అమ్మ. స్మారో పో, కోడల్ని తీసుకురా. స్మారో, కోడలికి స్నానం చేయించు, క్యాబేజీ వేస్తున్నాను. చిటికెన వేలు అప్పటికే సగం లేదు, మిగతా నాలుగూ కొంచెం వంకరగా, ఏదో పట్టుకుని ఉన్నట్టు, పట్టుకున్నదేదో జారిపోయినట్టు. చిన్నప్పుడు తన వేళ్ళు ఆ సందులో దూర్చి కూర్చునేది. పెద్దయ్యాక పట్టలేదు. అమ్మ పోయాక జాడీతో పాటు కోడలూ తనకే వచ్చింది.

ఆర్గిరిస్ మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు ఆ చెయ్యి చూసి అదిరిపడలేదు, అందుకే నచ్చాడేమో. జాడీ మూత తీసి చూసి, దీనికంటే నా చెయ్యే బాగుంటుంది అన్నాడు, తన కుడి చెయ్యి ముందుకు చాపి. నిజమే, ఆ చెయ్యి చూడటానికే పొద్దున్నే ఆరింటికి జనం కొట్టు ముందు నిలబడేవాళ్ళు. బుగాత్సా కొట్టు, నాలుగు బల్లలు, ఒక పొయ్యి. పిండిముద్దని అప్పడమంత చేసి, అంచు పట్టుకుని, కుడి చేత్తో గాల్లోకి విసిరితే అది తిరిగి పడేసరికి దుప్పటంత అయ్యేది, మళ్ళీ విసిరితే బల్లంత, అవతల నిలబడ్డ మనిషి మొహం అందులోంచి కనబడేది. మధ్యలో మీగడ పోసి నాలుగు వైపులా మడిచి పొయ్యిలో పెడితే బుగాత్సా. నలభై ఏళ్ళలో చిరిగిన పొర తను చూడలేదు, లేదు చూసింది, ఒకటి, మార్చి పదహారున. గాల్లోకి లేచింది బాగానే, కింద పట్టుకోవడానికి చెయ్యి రాలేదు. పొర వచ్చి అతని తల మీద, భుజం మీద పడింది, లోపల్నుంచి కళ్ళు కనబడుతున్నాయి, కొట్లో కుర్రాళ్ళు తమాషా చేస్తున్నాడనుకుని చప్పట్లు కొట్టారు. తనూ నవ్వింది. పక్షవాతమన్నారు. ఎనిమిది నెలలైంది. కాలు కాస్త వచ్చింది, కర్ర పట్టుకుని గోడ వెంట నడుస్తాడు, మాట ముద్దగా నాలుగు మాటలు వస్తాయి. చెయ్యి మాత్రం రాలేదు. ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు, పక్కింటివాళ్ళ పిల్లను చూసుకోమని అప్పజెబితే ఎత్తుకున్నట్టు, ఎడమ చేత్తో పట్టుకుని.

రేకు చెయ్యి కట్టి రమ్మని చెప్పింది పార్థెనానే, ఏప్రిల్లో. కంటికి బాగోకపోతే కన్ను, కాలికి బాగోకపోతే కాలు, కొవ్వొత్తుల కొట్లో రేకు మీద అచ్చు పోసినవి ఉంటాయి, మరియమ్మ పటం ముందు తీగకు గుచ్చి దండం పెట్టుకుంటారు. తీగ నిండా ఉన్నాయి, కళ్ళు, గుండెలు, ఉయ్యాల్లో పిల్లలు, ఒకటి మోటారు సైకిలు కూడా ఉంది, అది ఏం జబ్బో. చెయ్యి గుచ్చింది. మేలో ఏమీ లేదు, జూన్‌లో ఏమీ లేదు. పోయిన శనివారం పార్థెనా ఆలివ్‌లు అడగడానికొచ్చి జాడీలో తొంగి చూసి అక్కడే నిలబడిపోయింది. ఏమే పిల్లా, ఎంత గుండె ధైర్యమే నీకు, అంది. మరియమ్మకేమో కాగితమంత రేకు చెయ్యి ఇచ్చి వచ్చావు, ఇంట్లో నిజమైన చెయ్యి ఊరగాయకి పెట్టుకున్నావు. ఆవిడకి కనబడదనుకున్నావా? ఎవరి చెయ్యో అది, యాభై ఏళ్ళు ఉప్పులో నానబెట్టారు మీ అమ్మా నువ్వూ. మీరొక చెయ్యి ఉంచుకున్నారు, పైనున్నవాళ్ళు ఒక చెయ్యి తీసుకున్నారు, సరిపోయింది. ముసలిదాని చాదస్తం అని తోసేసింది స్మారో, కాఫీ కలిపి ఇచ్చి పంపేసింది. కానీ ఆ రాత్రంతా సరిపోయింది, సరిపోయింది అనే మాటే చెవిలో. నమ్మిందని కాదు. నమ్మకపోతే చెయ్యడానికి ఇంకేం మిగిలిందని. డాక్టరు మాట్లాడటం మానేసి కాగితాల మీద సంతకం పెడుతున్నాడు, కూతురు జర్మనీ నుంచి ఫోన్లో ధైర్యం చెబుతోంది, తనకేమో చేతనైనది ఏమీ లేదు, కాయలు కోయడం, బట్టలుతకడం, అద్దం పట్టుకోవడం తప్ప. ఈ రాతి ఆవిడని ఒకసారి చూసిన గుర్తుంది, కూతురు బడిలో ఉన్నప్పుడు, బొమ్మ కింది పలక మీద తమ సందు పేరే రాసి ఉంది, చెయ్యి లేదు. ఇంకేం కావాలి. పక్కపక్క గోతుల్లోవి. పొద్దున కోడల్ని జాడీలోంచి తీసి సబ్బుతో తోమింది, వేళ్ళ సందుల్లో పళ్ళు తోముకునే బ్రష్షు పెట్టి, పెళ్ళికి పంపుతున్నంత శ్రద్ధగా.

గుంపు కదిలింది. ఒక తాత, మనవరాలు మిగిలారు, తర్వాత వాళ్ళూ వెళ్ళారు. కాపలా ఆవిడ అవతలి గదిలో ఎవరినో గాజుపెట్టె మీద ఆనుకోవద్దని చెప్పడానికి లేచింది. ఇప్పుడే. స్మారో లేచింది, మోకాళ్ళు పట్టేశాయి, సంచీలో చెయ్యి పెట్టి తువ్వాలు విప్పింది, ఆవిడ ముందుకెళ్ళి నిలబడింది. తెగిన మణికట్టు తనకి కుడివైపున ఉంది. కుడి చెయ్యే కదా, గుర్తున్నట్టే ఉంది, అతనికీ కుడి చెయ్యే, కుడికి కుడి. అప్పుడు అద్దం గుర్తొచ్చింది. వ్యాయామం చేయించే అమ్మాయి వారానికి రెండుసార్లు వచ్చి ఆర్గిరిస్ రెండు చేతుల మధ్యా అద్దం నిలబెడుతుంది, బాగున్న ఎడమ చెయ్యి ఆడిస్తే అద్దంలో కుడి చెయ్యి ఆడుతున్నట్టు కనబడుతుంది, అది చూసి చూసి బుర్ర మోసపోయి నిజంగానే ఆడిస్తుందట. తను ఎదురుగా కూర్చుని అద్దం పట్టుకుని రోజూ తప్పు చెబుతుంది, కుడి అనబోయి ఎడమ, ఎడమ అనబోయి కుడి. అమ్మా, మీకు కుడివైపున్నది ఆయనకి ఎడమ, ఎదురుగా కూర్చుని ఆలోచించకండి, పక్కన కూర్చుని ఆలోచించండి, అంటుంది ఆ పిల్ల. స్మారో మెల్లగా వెనక్కి తిరిగింది. రాతి ఆవిడ చూస్తున్న వైపే తనూ చూస్తూ, ఆవిడ పక్కన నిలబడింది. తెగిన చెయ్యి ఎడమది. కుడి చెయ్యి ఆవిడకే ఉంది, ఐదు వేళ్ళూ ఉన్నాయి, కుచ్చిళ్ళ అంచు పట్టుకుని హాయిగా ఉంది. సంచీలో ఉన్నదాని బొటనవేలు తడిమింది, తన కుడి చెయ్యి దాని మీద ఆనించి చూసింది, బొటనవేలు మీద బొటనవేలు. కుడిదే. యాభై ఆరేళ్ళు కడిగింది, ఎప్పుడూ ఈ లెక్క చూసుకోలేదు.

ఏం చెయ్యాలో తోచలేదు. ఎవరైనా వచ్చి, ఇదిగో అమ్మా, నాదే అది, అని అడిగితే బాగుండుననిపించింది. పక్క గదిలోకి నడిచింది, అక్కడెవరైనా ఉంటారేమోనని, కుడి చెయ్యి లేనివాళ్ళు. ఉన్నారు. ఎందుకు లేరు. ఒక కుర్రాడికి రెండూ లేవు. గడ్డం పెద్దాయనకి మోచెయ్యి దాకా లేదు. తల లేని ఆడమనిషి, మోకాళ్ళ నుంచి పాదాల దాకా మాత్రమే మిగిలిన ఎవరో, గొర్రెపిల్లని భుజాన వేసుకున్నవాడు, వాడికి గొర్రెపిల్ల కాళ్ళు పట్టుకున్న చేతులు ఉన్నాయి గానీ గొర్రెపిల్లకి తల లేదు. ఇంకో గది, ఇంకో గది. అందరూ ఆగిపోయిన చేతులు తన వైపే చాపుతున్నారు. మార్చిలో ఆసుపత్రి మూడో అంతస్తు ఇలాగే ఉండేది, కుర్చీల్లో వరసగా, ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి లేక, అందరూ గుమ్మం వైపే చూస్తూ. అక్కడా తను అందరికీ నమస్కారం చెబుతూ ఆర్గిరిస్ కుర్చీ దాకా పోయేది, ఎవరికీ ఏమీ చెయ్యలేక. కళ్ళు తిరిగినట్టయి గాజుపెట్టె అంచు పట్టుకుంది. కాపలా ఆవిడ వచ్చి మోచెయ్యి కింద చెయ్యి వేసి కిటికీ దగ్గర బల్ల మీద కూర్చోబెట్టింది. చొక్కా మీద వాయా అని పేరు రాసి ఉంది, నలభై ఏళ్ళుంటాయేమో.

"పొద్దున ఏమైనా తిన్నారా అమ్మా?"

"తిన్నాలే తల్లీ." స్మారో మెడ చుట్టూ ఉన్న రుమాలుతో మొహం తుడుచుకుంది. "వీళ్ళ చేతులన్నీ ఏమయ్యాయి?"

"కింద సామాన్ల గదిలో ఉన్నాయమ్మా. నాలుగు బీరువాల నిండా చేతులే. వేళ్ళు వేరే పెట్టెల్లో పోశారు."

"మరి అతికించరేం?"

"ఎవరివో తెలిస్తేగా. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు ఏళ్ళ తరబడి కూర్చుని ఒకటి అతికించారు. తర్వాత ఇంకొకాయన వచ్చి, ఇది వీడిది కాదని ఊడదీశాడు."

వాయా చూపు సంచీ మీదకి వచ్చింది, తువ్వాలు అంచు బయటికి వేలాడుతోంది, అక్కడే ఆగింది.

"ఎవరైనా ఇంకొకటి తెచ్చి ఇస్తే?" అంది స్మారో.

"ఇస్తే నేను చూస్తాను. చూస్తే రాయాలి. రాస్తే మావాళ్ళు మీ... వాళ్ళ ఇంటికి వెళ్తారు, ఎక్కడ దొరికింది, నేల కింద ఇంకేమున్నాయి అని పలుగులు తెస్తారు. ఇంత చేసి చివరికి దాని మీద నంబరు వేసి బీరువాలో పెడతారు. ఐదో బీరువా కొనాలి, అంతే." ఆవిడ గొంతు తగ్గించింది. "ఇంట్లో ఎవరికైనా బాగోలేదా అమ్మా?"

స్మారోకి ఏడుపొచ్చేసింది. ఆసుపత్రిలో రాలేదు, చర్చిలో రాలేదు, ముక్కూ మొహం తెలియని ఆవిడ ముందు వచ్చింది. మా ఆయన కుడి చెయ్యి, అని మాత్రం అనగలిగింది. వాయా తువ్వాలు అంచు పట్టి సంచీ లోపలికి తోసి, పైన ముడి వేసింది, బడికి పోయే పిల్లకి అన్నం గిన్నె కట్టినట్టు. దానిమ్మపళ్ళు ఇంటికి తీసుకెళ్ళండమ్మా, నేనేం చూళ్ళేదు, అంది. ఆ మాట తను ఎనిమిదేళ్ళప్పుడు గట్టు మీద నిలబడి అన్నదే.

బస్సు పై ఊరి మలుపుల్లో ముక్కుతూ ఎక్కుతుంటే సంచీ మోకాళ్ళకి కొట్టుకుంది. కింద సముద్రం మంచులో కనబడటం లేదు, ఓడ కూత మాత్రం వినబడింది. కోట గోడ దగ్గర దిగింది. సందులో ఆదివారం వంట వాసనలు, వేగుతున్న చేప, నిమ్మకాయ, ఎవరింట్లోనో రేడియోలో ఫుట్‌బాల్. కోస్మాస్ ఇంటి స్థానంలో ఇప్పుడు నాలుగంతస్తులు, ఆయన లేడు, ఆయన కొడుకు బాల్కనీలో బనీనుతో నిలబడి చెయ్యి ఊపాడు. ఊపగలిగిన చెయ్యి. ఎంత తేలిగ్గా ఊపేస్తారో జనం, లెక్క లేకుండా. తన గుమ్మంలో అడుగు పెడుతుంటే కాలి కింద నేల మొదటిసారి బరువుగా అనిపించింది, కింద ఇంకెవరో పడుకుని ఉన్నట్టు, ఒక చెయ్యి లేకుండా, యాభై ఆరేళ్ళుగా తన అడుగుల చప్పుడు వింటూ. ఆవిడదేనేమో ఇది. అయితే మాత్రం ఏం చేస్తుంది. ఇల్లు తవ్వుకుంటుందా, అతన్ని కుర్చీతో సహా వీధిలో కూర్చోబెట్టి.

పార్థెనా వంటింట్లో చేతులు తుడుచుకుంటోంది. అన్నం పెట్టేశాను, సగం తిన్నాడు, సగం తిట్టాడు, అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఇచ్చేశావా?" అంది.

"మనిషి దొరకలేదు పిన్నీ."

ముసలమ్మ శిలువ గుర్తు వేసుకుని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. తిట్టుంటే బాగుండేది. స్మారో సంచీ విప్పి చెయ్యిని మరియమ్మ పటం కింద, దీపం పక్కన పెట్టింది. మళ్ళీ జాడీలో పెట్టడానికి మనసొప్పలేదు, ఎవరిదో తెలియకపోయినా ఎవరిదో ఒకరిదే. జాడీ మూత తీస్తే పొద్దున్నుంచీ బరువు లేక పళ్ళెం ఒక పక్కకి ఒరిగింది, కాయలన్నీ నీళ్ళ మీదకొచ్చి గుడ్లు తేలేసి చూస్తున్నాయి. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇల్లంతా వెతికితే ఒక రాయి దొరకదా, దొరుకుతుంది, ఇస్త్రీపెట్టె ఉంది, రోలుంది, కానీ కాళ్ళు కదల్లేదు. పళ్ళెం సర్ది తన అరచేత్తో అదిమి పట్టి నిలబడింది. ఉప్పునీళ్ళు వేళ్ళ మీదకొచ్చి పొద్దున బ్రష్షు గీరిన చోట మండాయి. ఎంతసేపని పట్టుకుంటుంది. చెయ్యి తీస్తే తేలతాయి.

కర్ర చప్పుడు వినబడింది, ఒక అడుగు, ఒక ఈడ్పు, ఒక అడుగు. ఆర్గిరిస్ గుమ్మం దాకా వచ్చాడు, పటం కింద ఉన్నదాన్ని చూశాడు, జాడీని చూశాడు, ఆమె మొహం చూశాడు. అడగాలంటే చాలా మాటలు కావాలి. కర్ర గోడకి ఆనించి జాడీ పక్కన స్టూలు మీద కూలబడ్డాడు. ఎడమ చేత్తో తన కుడి మణికట్టు పట్టుకున్నాడు, పైకెత్తాడు, తెచ్చి పళ్ళెం మీద పెట్టాడు, అరచెయ్యి కిందికి.

"ఇది పెట్టు," అన్నాడు ముద్దగా. "బరువుగానే ఉంది."

ఆమె తన చెయ్యి తీసేసింది. పళ్ళెం కదల్లేదు, ఒక్క కాయా పైకి రాలేదు.

"ఎంతసేపు కూర్చుంటావిలా?" అంది స్మారో.

"నాకేం పనుంది," అన్నాడు ఆర్గిరిస్.